కీమో తర్వాత మతిమరుపు: నేరం కీమో ఒక్కదానిదేనా?

ఫోన్‌కు ఆరంకెల ఓటీపీ వస్తుంది. చూసి, యాప్‌లో కొట్టేలోపు చివరి మూడంకెలు జారిపోతాయి. పోపు వేసి, ఎవరో పిలిచారని గుమ్మం దాకా వెళ్తే మాడిన వాసన వచ్చేదాకా బాండీ సంగతి గుర్తుండదు. రోజూ మాట్లాడే మనిషి పేరు నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు కీమో చేయించుకున్న ఆడవాళ్లను అడిగితే ఇలాంటివి వరసగా చెబుతారు. రిపోర్టులు నార్మల్, జుట్టు మళ్లీ వచ్చింది, చుట్టాలు "ఇప్పుడు బాగానే ఉన్నావు కదమ్మా" అంటున్నారు. బుర్ర మాత్రం మునుపటిలా లేదు.

వాడుకలో దీనికి కీమో బ్రెయిన్ అని పేరు. దీని గురించి ఎవరైనా అడిగేవి రెండే ప్రశ్నలు. ఇది నిజంగా ఉందా? ఉంటే, కీమో వల్లేనా? మొదటిదానికి జవాబు సులువు: ఉంది, అందులో ఇప్పుడు పెద్దగా వాదన లేదు. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరే. గత ఇరవై ఏళ్ల పరిశోధన దాని చుట్టూనే తిరిగింది. ఇది పండితుల మధ్య చర్చే కదా అని వదిలేయడానికి లేదు. "కీమో ఎక్కిస్తే మతి పోతుందట" అన్న మాట విని సగంలో వైద్యం ఆపేసి, నాటుమందుల వెంట వెళ్లే ప్రమాదం మన దగ్గర చిన్నదేమీ కాదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు

క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవాళ్లలో ఆలోచనా శక్తి తగ్గుతోందని అమెరికా సైకియాట్రిస్ట్ పీటర్ సిల్బర్‌ఫార్బ్ బృందం 1980లోనే రాసింది. అది డిప్రెషన్‌తో వచ్చింది కాదని కూడా అప్పుడే అంది. అయినా పదిహేనేళ్ల పాటు దాని మీద పెద్దగా కదలిక లేదు. కారణం ఊహించవచ్చు. ఆ రోజుల్లో క్యాన్సర్ డాక్టర్ ముందున్న ప్రశ్న పేషెంట్ బతుకుతారా లేదా అన్నదే. పైగా రక్తానికీ మెదడుకూ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది, చాలా కీమో మందులు దాన్ని దాటవు. మందే మెదడులోకి వెళ్లనప్పుడు మెదడుకేం అవుతుందన్నది అప్పటి తర్కం. పేషెంట్ చెప్పినదాన్ని టెన్షన్ ఖాతాలో వేసేశారు.

1990లలో పరిస్థితి మారింది. రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి ఏళ్ల తరబడి బతికే ఆడవాళ్ల సంఖ్య పెరిగింది, ఉద్యోగాలకు తిరిగి వెళ్లారు, ఫిర్యాదులు పెరిగాయి. 1995లో అమెరికాలో కీమో తీసుకున్న 28 మందికి జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివి కొలిచే పరీక్షలు పెట్టిన ఒక చిన్న అధ్యయనం, నాలుగింట మూడొంతుల మందికి కనీసం ఒక పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని చెప్పింది. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కాస్త పకడ్బందీగా చూశారు. చికిత్స ముగిసి దాదాపు రెండేళ్లయ్యాక చూస్తే, భారీ డోసు తీసుకున్నవాళ్లలో 32 శాతం మందికి, మామూలు డోసువాళ్లలో 17 శాతం మందికి, అసలు కీమో లేనివాళ్లలో 9 శాతం మందికి లోపం కనిపించింది. డోసు పెరిగేకొద్దీ లోపం పెరగడంతో, దొంగ దొరికాడనే అందరూ అనుకున్నారు.

ఇక్కడ ఆ 75 శాతం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగేది అలాంటి అంకెలే. ఒక ఆరోగ్యవంతుడికి 20 రకాల పరీక్షలు పెట్టారనుకుందాం. ఒక్కో పరీక్షలో అడుగున ఉండే 5 శాతాన్ని ఫెయిల్ కింద లెక్కేస్తే, ఏ జబ్బూ లేకుండా ఏదో ఒక దాంట్లో ఫెయిలయ్యే అవకాశం, ఆ పరీక్షలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే, దాదాపు 64 శాతం. అంటే గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి అదే గుంపులో లోపమున్నవాళ్లు పది శాతమూ కావచ్చు, డెబ్భై శాతమూ కావచ్చు. ఈ గందరగోళం తగ్గించడానికే అంతర్జాతీయ పరిశోధకుల బృందమొకటి 2011లో ఉమ్మడి పద్ధతిని సూచించింది. అందరూ వాడాల్సిన మూడు పరీక్షలు ఇవీ, లోపమని ఎప్పుడు అనాలో ఇదీ, చికిత్సకు ముందే ఒకసారి కొలవండి అని చెప్పింది.

ఆ చివరి సలహా వెనక ఒక కథ ఉంది.

కీమో మొదలుకాకముందే

1990ల అధ్యయనాలు దాదాపు అన్నీ చికిత్స అయిపోయాక చేసినవే. ఆ మనిషి బుర్ర అంతకు ముందు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో జెఫ్రీ వెఫెల్ బృందం 2004లో ఆ లోటు పూడ్చే ప్రయత్నం చేసింది. 18 మంది మహిళలనే చూసినా, అందరినీ కీమోకు ముందూ తర్వాతా పరీక్షించింది. కీమో తర్వాత 61 శాతం మందిలో ఏదో ఒక అంశంలో తగ్గుదల ఉంది. ఇది ఊహించినదే. ఊహించనిది ఇంకొకటి: మూడింట ఒక వంతు మందికి కీమో మొదటి చుక్క ఎక్కకముందే లోపం ఉంది.

మరి అప్పుడు దానికి కీమో ఎలా కారణమవుతుంది? అక్కడి నుంచి అనుమానితుల జాబితా పెరగడం మొదలైంది. ఆపరేషన్, మత్తుమందు. క్యాన్సర్ గడ్డ వల్ల ఒంట్లో మొదలయ్యే ఇన్‌ఫ్లమేషన్, అంటే రక్షణ వ్యవస్థ రగిలించే మంట, అది రక్తంలోకి వదిలే సైటోకైన్లనే సంకేత రసాయనాలు. నిద్ర పట్టని రాత్రులు. నెలసరి అర్ధాంతరంగా ఆగిపోవడం. రక్తహీనత. అన్నిటికంటే ముందు, "మీకు క్యాన్సర్" అన్న మాట. జర్మనీలో కెర్స్టిన్ హెర్మెలింక్ బృందం 2017లో ప్రచురించిన ఫలితాల్లో, క్యాన్సర్ తెచ్చిన మానసిక గాయం తాలూకు లక్షణాలు ఎంత తీవ్రంగా ఉంటే పరీక్షల్లో పొరపాట్లు అంత ఎక్కువగా కనిపించాయి. తొలినాళ్ల డాక్టర్లు అన్నట్టు "అంతా టెన్షనే" అని దీనికి అర్థం కాదు. టెన్షన్ కూడా మెదడులో జరిగే పనే, దానికీ లెక్క ఉంటుందని అర్థం.

ఇంకో పెద్ద ఆధారం 2020లో వచ్చింది. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో ఎవరికి కీమో అక్కర్లేదో తేల్చడానికి టైలర్‌ఎక్స్ అనే భారీ ట్రయల్ జరిగింది. అందులో లాటరీ పద్ధతిలో కొందరికి కీమోతో పాటు హార్మోన్ మాత్రలు (క్యాన్సర్‌ను పెంచే హార్మోన్‌ను అడ్డుకునేవి), కొందరికి మాత్రలు మాత్రమే ఇచ్చారు. మతిమరుపు గురించి వాళ్లనే అడుగుతూ వచ్చారు. 3, 6 నెలల దగ్గర కీమో తీసుకున్నవాళ్ల ఇబ్బంది స్పష్టంగా ఎక్కువ. ఏడాది దాటాక రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే రెండు గుంపులూ మొదట ఉన్న స్థాయికి తిరిగి రాలేదు. అంటే కీమో దెబ్బ గట్టిదే గానీ చాలామందిలో తాత్కాలికం. ఏళ్ల తరబడి మిగిలే మసకకు హార్మోన్ మాత్రలు, వయసు, జబ్బు కూడా తలా ఒక చెయ్యి వేస్తున్నట్టుంది. ఈ మొత్తం పరిశోధనలో పేషెంట్లకు ఒక్కటే చూపించాలంటే నేను చూపించేది ఇదే. భయపెట్టదు, తీసిపారేయదు.

హార్మోన్ మాత్రలన్నీ ఒకటి కావన్నది మరో మెలిక. 2010లో వచ్చిన డచ్ అధ్యయనంలో ఏడాది వాడాక టామాక్సిఫెన్ తీసుకున్నవాళ్లు మాటల జ్ఞాపకంలో వెనకబడ్డారు. ఎగ్జిమెస్టేన్ తీసుకున్నవాళ్లలో అలాంటి తేడా కనబడలేదు. దీన్ని చదివి మాత్ర మార్చుకోకూడదు. ఏ మాత్ర ఎవరికన్నది నెలసరి ఆగిందా లేదా, ఎముకల బలమెంత అన్నవాటి మీద ఆధారపడుతుంది.

పరీక్షలో పాస్, ఇంట్లో ఫెయిల్

పరిశోధకులను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. పేషెంట్ "నాకేం గుర్తుండట్లేదు" అంటారు, పరీక్ష పెడితే మార్కులు మామూలుగానే వస్తాయి. రోచెస్టర్ యూనివర్సిటీకి చెందిన మిషెల్ జానెల్సిన్స్ 2017లో 581 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను, 364 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. కీమోకు ముందుకూ కీమో అయ్యాకా మధ్య బాగా తగ్గిపోయామన్నవాళ్లు పేషెంట్లలో 45 శాతం, మిగతావాళ్లలో 10 శాతం. ఇంత తేడా ఆసుపత్రిలో పెట్టే పరీక్షల్లో మామూలుగా కనిపించదు.

ఎందుకో తెలియాలంటే ఆ పరీక్ష ఎలా ఉంటుందో చూడాలి. ఎక్కువగా వాడే జ్ఞాపక పరీక్షలో 12 మాటలు చదివి వినిపిస్తారు. గుర్తున్నన్ని తిరిగి చెప్పమంటారు. ఇలా మూడుసార్లు. 20, 25 నిమిషాల తర్వాత మళ్లీ అడుగుతారు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఫోన్ మోగదు, ఎదురుగా ఓపికగా కూర్చున్న మనిషి తప్ప ఇంకెవరూ ఉండరు. అదే పేషెంట్ ఇంటికి వెళ్తే కుక్కర్ కూతలు లెక్కపెడుతూ, పిల్లాడి హోంవర్క్ చూస్తూ, గ్యాస్ బుకింగ్‌కు ఫోన్ చేస్తూ ఉండాలి. ఆ పరీక్ష అక్కడ తప్పే పనిని కొలవడమే లేదు. పైగా ఆరు నెలలకోసారి అదే పరీక్ష పెడితే అలవాటుతో మార్కులు పెరుగుతాయి. పెరగాల్సినంత పెరగకపోవడమే లోపమన్నది కాగితం మీద కనిపించదు.

డార్ట్‌మత్ పరిశోధకులు 2007లో రాసిన ఒక జంట కథ ఇక్కడ బాగా పనికొస్తుంది. అరవయ్యేళ్ల కవల అక్కచెల్లెళ్లు, జన్యువులు ఒక్కటే. ఒకరికి రొమ్ము క్యాన్సర్ వచ్చి కీమో జరిగింది, రెండోవారికి ఏమీ లేదు. పరీక్షల్లో ఇద్దరి మార్కులకూ పెద్ద తేడా లేదు. కీమో అయినావిడ మాత్రం తన మతి బాగాలేదని ఎక్కువగా చెప్పింది. ఇద్దరికీ ఎంఆర్ఐ స్కానర్‌లో ఒకే జ్ఞాపక పని ఇచ్చి చూస్తే, ఆవిడ మెదడులో చాలా ఎక్కువ భాగాలు వెలిగాయి, నాడీ తీగలుండే తెల్ల పదార్థంలో మచ్చలూ ఎక్కువున్నాయి. ఒకరు ఒంటిచేత్తో ఎత్తిన బిందెను ఇంకొకరు రెండు చేతులా, నడుం ఆనించి ఎత్తినట్టు. బిందె ఇద్దరూ ఎత్తారు, మార్కులు ఇద్దరికీ పడ్డాయి. సాయంత్రానికి ఎవరు అలసిపోతారో మార్కుల్లో ఉండదు. ఇద్దరిని చూసి లోకానికి సూత్రం చెప్పలేం, నిజమే. కానీ ఆ తర్వాత వచ్చిన మెదడు స్కాన్ అధ్యయనాలు చాలావరకు ఈ దారిలోనే నడిచాయి. కీమో తర్వాత నెలకు నాడీ కణాలుండే బూడిదరంగు పదార్థం సాంద్రత తగ్గడం, ఏడాదికి కొంత తేరుకోవడం 2010లో ఇండియానా బృందం చూపించింది. 2012లో బెల్జియంలోని లూవెన్ బృందం మెదడులోని తెల్ల పదార్థం తీగల్లో మార్పు చూపించింది.

అందుకే పేషెంట్ మాట, పరీక్ష మార్కు వేరైనప్పుడు పేషెంట్‌ను అనుమానించడం నాకు సరైనదిగా అనిపించదు. ఇప్పుడు పరిశోధన కూడా అటే మొగ్గుతోంది. ఆసుపత్రి గదిలో ఏడాదికోసారి కాకుండా ఫోన్‌లోనే రోజుకు కొన్ని నిమిషాల చిన్న పరీక్షలు, అదే సమయంలో నిద్ర, అలసట ఎలా ఉన్నాయన్న ప్రశ్నలు. మనిషి మంచి రోజుకూ చెడ్డ రోజుకూ మధ్య తేడా అలా దొరుకుతుంది.

మెదడు లోపల

అడ్డుగోడ సంగతికి మళ్లీ వద్దాం. మెథోట్రెక్సేట్, ఫైవ్-ఎఫ్‌యూ లాంటి కీమో మందులు ఆ గోడను కొంతవరకు దాటుతాయి. రక్త క్యాన్సర్ పిల్లలకు మెథోట్రెక్సేట్‌ను నేరుగా వెన్ను నీళ్లలోకే ఎక్కిస్తారు. డాక్సోరూబిసిన్, అదే నర్సులు చేతికి తగలకుండా జాగ్రత్తపడే ఆ ఎర్ర మందు, పెద్దగా దాటదు. దాటకపోయినా రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలను పెంచుతుంది, ఆ సంకేతాలు గోడ దాటి లోపల మంట పెడతాయి.

లోపల ఏం జరుగుతుందన్నది స్టాన్‌ఫోర్డ్‌లో మిషెల్ మోన్యే ప్రయోగశాల ఎలుకల్లో విప్పింది. నాడీ తీగల మీద మైలిన్ అనే తొడుగు ఉంటుంది, సంకేతం వేగంగా పోవాలంటే అది బాగుండాలి. దాన్ని తయారుచేసే కణాలకు ముడిసరుకు లాంటి కణాలు మెదడులో జీవితాంతం ఉంటాయి. మెదడులో కాపలా కణాలు కూడా ఉంటాయి, వాటి పేరు మైక్రోగ్లియా. మెథోట్రెక్సేట్ ఈ కాపలా కణాలను రెచ్చగొట్టింది. మందు ఆపాక కూడా అవి శాంతించలేదు. అవి పక్కనున్న కణాలను చెడగొట్టి, మైలిన్ తయారీని దెబ్బతీశాయి. ఒక మందుతో ఆ కాపలా కణాలను తగ్గిస్తే మైలిన్ తేరుకుంది, ఎలుకల జ్ఞాపకం తిరిగొచ్చింది. కీమో తీసుకుని చనిపోయిన పిల్లల మెదడు నమూనాల్లోనూ ఆ ముడి కణాలు తక్కువగా కనిపించాయి. 2019 నాటి ఈ పని తర్వాత "మందు మెదడును చంపుతుంది" అన్న ఆలోచన పోయి, "ఇన్‌ఫ్లమేషన్ ఆగడం లేదు, ఆపవచ్చేమో" అన్న ఆలోచన వచ్చింది. 2022లో అదే బృందం, స్వల్పంగా కోవిడ్ వచ్చిన ఎలుకల్లోనూ ఇలాంటి మార్పులే చూసింది. కోవిడ్ తర్వాత బుర్ర మొద్దుబారిందన్నవాళ్లను, కీమో తర్వాత అలా అన్నవాళ్లను ఒకే చోట కూర్చోబెట్టి ఆలోచించే దారి అలా పడింది.

ఎవరికి ఎక్కువ? వయసు పైబడినవాళ్లకు, ముఖ్యంగా అల్జైమర్స్‌తో ముడిపడిన ఏపీఓఈ-4 జన్యువు ఉన్నవాళ్లకు. జీన్ మాండెల్‌బ్లాట్ బృందం 2018లో 60 దాటిన 344 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను చూస్తే, ఈ జన్యువూ కీమో రెండూ ఉన్నవాళ్లలోనే ఏకాగ్రత, ఆలోచనా వేగం కాలంతో తగ్గాయి. ఈ తేడా ఎంతకాలం ఉంటుందన్నదానికి రోటర్‌డామ్ నుంచి ఒక జవాబు ఉంది. పాతకాలపు కీమో తీసుకుని సగటున 21 ఏళ్లయిన 196 మందిని, క్యాన్సర్ రాని 1,509 మందితో 2012లో పోల్చారు. తేడా మిగిలే ఉంది, కానీ చిన్నది.

లెక్క మారిన చోటు

పరిశోధన నిజంగా చికిత్సనే మార్చిన చోటు రేడియేషన్. రక్త క్యాన్సర్ పిల్లలకు ఒకప్పుడు ముందుజాగ్రత్తగా తలకు రేడియేషన్ ఇచ్చేవారు. బతికారు, కానీ బడిలో వెనకబడ్డారు. డోసు తగ్గిస్తూ వచ్చి, చివరికి సరైన కీమో ఉంటే తలకు రేడియేషన్ లేకుండానే నయం చేయవచ్చని మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి 2009లో చూపించింది. పెద్దల్లో, క్యాన్సర్ మెదడుకు పాకి ఒకటి నుంచి మూడు గడ్డలున్నవాళ్లకు గడ్డల మీద గురిపెట్టే రేడియేషన్‌తో ఆపి, దానికి మెదడంతా ఇచ్చే రేడియేషన్ కలపకపోతే మతి మెరుగ్గా నిలుస్తుందని, ఆయుష్షు తగ్గదని 2016 నాటి 213 మంది ట్రయల్ తేల్చింది. మెదడంతా ఇవ్వక తప్పనప్పుడు, అల్జైమర్స్‌కు వాడే మెమాంటిన్ మాత్ర ఇస్తూనే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని రేడియేషన్ నుంచి తప్పిస్తే మతి తగ్గే ముప్పు నాలుగో వంతు తగ్గుతుందని 2020లో 518 మందితో చేసిన ట్రయల్ చూపించింది.

కీమో వైపు ఇంత గెలుపు లేదు. అల్జైమర్స్ మాత్ర డోనెపెజిల్ రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లకు పనికొస్తుందేమోనని చూస్తే, మందు లేని ఉత్త మాత్ర కంటే మేలేమీ చేయలేదని 2024లో తేలింది. ఆస్ట్రేలియాలో 242 మందితో ఇంట్లోనే కంప్యూటర్ మీద మెదడు కసరత్తు చేయించారు. వాళ్లకు తేడా తెలిసింది, మార్కులు మాత్రం కదల్లేదు. పైన బిందె సంగతి గుర్తుంటే ఇది ఓటమి అనిపించదు. నడక, వ్యాయామం మేలు చేస్తాయన్న ఆధారాలు పెరుగుతున్నాయి, అయితే ఎక్కువగా నడవగలిగేవాళ్లు ముందు నుంచే ఆరోగ్యంగా ఉంటారన్న చిక్కు వాటిలో ఉంది. డాక్టర్‌ను మతిమరుపు మాత్ర అడిగేకంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూడమనండి, నిద్ర, దిగులు గురించి దాచకుండా చెప్పండి. వీటికి వైద్యం ఉంది. ఉన్నట్టుండి తికమకపడటం, ఫిట్స్, ఆగని తలనొప్పి, మాట ముద్దకావడం మాత్రం ఈ వ్యాసంలో చెప్పిన మతిమరుపు కాదు. అప్పుడు వెంటనే ఆసుపత్రికే.

తెలుగులో కొలవాలంటే

పైన చెప్పిన అంకెల్లో ఎక్కువ భాగం చదువుకున్న అమెరికా, యూరప్ మహిళలవి. అక్కడి సిఫారసు పరీక్షల్లో ఒకటి అంకెల్నీ అక్షరాల్నీ ఒకటి విడిచి ఒకటి గీతతో కలపడం. ఇంకొకటి, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరన్నది. బడికి వెళ్లని గుంటూరు మిర్చి కూలీకి ఈ రెండూ మతిని కాదు, చదువును కొలుస్తాయి. చదువుకున్నవాళ్లకైనా "క" అంటే "కి", "కు", "కో" కూడా లెక్కలోకి వస్తాయా అన్నది ముందే తేల్చుకోవాలి. ఇది తీర్చలేని సమస్య కాదు. డిమెన్షియా (మతి క్రమంగా తగ్గిపోయే జబ్బు) విషయంలో హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం పరీక్షలను తెలుగుకు మలిచి, చదువు రానివాళ్లనూ కలుపుకుని 648 మందిని చూసింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో ప్రపంచానికి చెప్పింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో పరీక్షల పెట్టె తయారుచేసింది. క్యాన్సర్ వార్డుకు ఆ పెట్టెను తీసుకెళ్లడమే మిగిలిన పని.

అవసరం కూడా ముంచుకొస్తోంది. మన రక్షక కణాలకే తర్ఫీదునిచ్చి క్యాన్సర్ మీదకు పంపే కార్-టీ చికిత్స, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 రూపంలో 2023లో మన దేశంలో అనుమతి పొందింది. ఇది కీమో కాదు. అయినా మోన్యే బృందం 2025లో ఎలుకల్లో చూస్తే, కార్-టీ తర్వాత కూడా అవే కాపలా కణాలు రెచ్చిపోయి, ఎలుకలు కొత్త చోటునూ కొత్త వస్తువునూ గుర్తుపట్టడంలో తడబడ్డాయి. మెదడుకు దూరంగా ఉన్న క్యాన్సర్లలోనూ అదే జరిగింది, ఇన్‌ఫ్లమేషన్ పెద్దగా రాని ఎముక క్యాన్సర్‌లో మాత్రం జరగలేదు. మనుషుల్లో దీని తీవ్రత ఎంతో తెలియాలంటే కణాలు ఎక్కించడానికి ముందే ఒక కొలత ఉండాలి. 1990లలో కీమో విషయంలో అది తీసుకోలేదు. మన దగ్గర కార్-టీ తీసుకునేవాళ్లు ఇంకా కొద్దిమందే కాబట్టి, ఇప్పుడైతే ప్రతి ఒక్కరికీ తీసుకోవచ్చు.